బోర్లా పెట్టిన రాళ్లు

సికింద్రాబాదు,
12 జూన్ 1966

మార్తమ్మ అక్కకు తమ్ముడు జయానందం వందనాలు.

నీ ఉత్తరం అందింది. సగం నన్ను తిట్టడానికి, మిగతా సగం మన పనివాడు లక్ష్మయ్య మేక మందారం మొక్క తిన్న సంగతికి సరిపోయింది. నీ ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. నీ మరదలు ఎలిశిబా అదే అడిగింది. మీ అక్క ఉత్తరంలో మేక ఉంది గానీ మీ అక్క లేదే అంది.

ఇక్కడి వింత విను. ఈ ఊళ్లో ఆడవాళ్లు నిలబడి వంట చేయడం మొదలుపెట్టారు. కింద కూర్చుని వండితే నామోషీ అట. కొత్తగా కట్టే ప్రతి ఇంట్లోనూ నడుమెత్తు వంటగట్టు కావాలి. దాని మీద పరచడానికి ఏ రాయి మంచిదని రోజూ నలుగురు నా దుకాణం మెట్లెక్కుతున్నారు. షాబాద్ బండ పరిస్తే పసుపు మరక వదలదు. తాండూరు బండ పొరలు లేస్తుంది. మొజాయిక్ పోయించుకున్నవాళ్లు నిమ్మకాయ రసానికి గుంటలు పడ్డాయని ఏడుస్తున్నారు. పక్క దుకాణంవాడైతే రాయిలాగా అచ్చువేసిన అట్ట తెచ్చి చెక్క మీద అంటించి అమ్ముతున్నాడు. వేడి గిన్నె పెడితే బూరెలా ఉబ్బుతుంది. అయినా దాని కోసం క్యూ కడుతున్నారు. ఎన్ని చెప్పుకున్నా చివరికి మిగిలేది మన నల్లబండే.

కరెంటుతో రాళ్లు కోసే మిషను పెట్టానని చెప్పాను కదా. నువ్వూ నర్సమ్మా కూర్చుని పన్నెండు రోజులు ఇసుకా నీళ్లతో రుద్దే బండను నేను ఒకటిన్నర రోజులో కోసి మెరుగు పెట్టేస్తున్నాను. నీళ్లు పోస్తూ కోయాలని మిషను అమ్మినవాడు చెప్పాడు. ఇక్కడ నల్లా పొద్దున గంటసేపు వస్తుంది, తాగడానికే చాలదు, మిషనుకెక్కడ పోసేది? సాయంత్రానికి పిండిగిర్నీలో పని చేసినవాడిలా తయారవుతాను. ఎలిశిబా నవ్వి గుమ్మం బయటే చేతికి చెంబు ఇస్తుంది.

నాలుగు నల్లబండలు లారీలో వేయించు. ఆరడుగులకు తగ్గకూడదు.

నీ జయానందం


మెదక్,
6 జూలై 1966

తమ్ముడికి దీవెనలు. ఎలిశిబాకు నా ప్రేమ చెప్పు.

బండలు పంపించాను. కుల్చారం దిక్కు నుంచి వచ్చినవి, మూడింటికి ఢోకా లేదు, నాలుగోదానికి ఒక మూల తెల్ల చార ఉంది. దాన్ని మంచిదని ఎవరికైనా అంటగట్టావంటే ఊరుకోను.

ఆడవాళ్లు నిలబడి వండితే నాకేం బాధ లేదు, మోకాళ్లకు మంచిదే. ఇక్కడ మాత్రం రాయికి రోజులు తగ్గాయి. సమాధులకు కూడా సిమెంటు పోసి రంగు చిప్స్ వేసి నున్నగా చేయించుకుంటున్నారు. ఏలీయా వాళ్లమ్మకు కట్టించింది చూశాను, హోటలు మెట్టులా ఉంది. పోయిన నెలంతా నాకు వచ్చిన అక్షరాలు చెక్కే పని రెండే సమాధి రాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజులుగా రాయాలా వద్దా అని కలం పట్టుకుని కూర్చుంటున్నాను.

పట్నం వెళ్లి మరిచిపోయావేమో, గుర్తు చేస్తున్నాను. నాయిన ఒకే గుండును రెండుగా చీల్చి, నా బాప్తిస్మం రోజు ఒక బండ మీద నా పేరు చెక్కి, సమాధికని ఇంటి స్థలంలో బోర్లా పడుకోబెట్టాడు. రెండోది పదేళ్లు ఉత్తగా ఉంచాడు. నువ్వు పుట్టాక దాని మీద నీ పేరు చెక్కి పక్కనే పెట్టాడు. మనిషి పోయేదాకా రాయిని తిప్పకూడదు, తేదీ అప్పుడే చెక్కాలి, అదీ మన ఇంటి పద్ధతి. అమ్మకూ తనకూ కూడా అలాగే చేసుకున్నాడు. నెలకోసారి, మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, సుత్తితో ఒక్కో బండ మీద ఒక్కో దెబ్బ కొట్టి వినేవాడు. మంచి రాయి గంటలా పలుకుతుంది కదా. యాభై ఒకటి మార్చిలో అమ్మ రాయి పలకలేదు. మేలో అమ్మ పోయింది. నాయిన రాయి యాభై తొమ్మిది ఆగస్టులో మూగబోయింది. ఆయన ఆ రోజు నవ్వి, సుత్తి నా చేతిలో పెట్టి, అన్నం తినడానికి లోపలికి వెళ్లాడు. అక్టోబరులో ఆయనకు తేదీ చెక్కింది నేనే.

ఈ ఆదివారం నేను కొట్టాను. పెరట్లో బావి దిక్కున ఉన్న నా రాయి ఎప్పటిలాగే పలికింది. గోడ దిక్కున ఉన్న నీ రాయి పలకలేదు. లక్ష్మయ్యను పిలిచి కొట్టించాను. వాడు చెవి ఆనించి విని, "అమ్మా, గిది కట్టెను కొట్టినట్టున్నది, జర జయానందంకు ఓ చిట్టి రాసి పంపు" అన్నాడు.

ఆ మిషను ఆపు. నీళ్లు లేకుండా రాయి కోయడమేమిటి, పిచ్చి పట్టిందా? నాయినకు వచ్చిన దగ్గు నీకు గుర్తు లేదా? అమ్మానాయినలు పోయాక నాకున్నది నువ్వొక్కడివే. ఈ మాట నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

అక్క మార్తమ్మ


సికింద్రాబాదు,
20 జూలై 1966

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత ఎలిశిబా చదివి ఏడ్చింది, అందుకని నవ్వడం మానేశాను. వానాకాలం, అక్కా. గోడ నీడన ఉన్న బండ కింద బురద పట్టి ఉంటుంది. తడి నేల మీద ఏ రాయి పలుకుతుంది? కింద బొంగులు పెట్టించి, ఆరాక కొట్టి చూడు. రాళ్లు మనుషుల సంగతి చెప్పేటట్టయితే ఇన్ని దవాఖానాలు ఎందుకు?

దగ్గా? కొంచెం ఉంది. ఈ ఊళ్లో ఎవరికి లేదు?

నాకు వేరే పరేషాన్ ఉంది. మదన్ మోహన్ అని ఒక వకీలు కొత్త ఇల్లు కడుతున్నాడు. ఆయన భార్య సుశీలమ్మగారికి వంటగట్టు మీద ఏడున్నర అడుగుల బండ ఒకటే ముక్కగా, అతుకు లేకుండా కావాలట. అతుకు ఉంటే అందులో పిండి ఇరుక్కుంటుంది, చీమలు పడతాయి అంటుంది. మాట నిజమే. ఆ ఇల్లు చూడ్డానికి నలుగురు వస్తారు, ఆ పని చేస్తే నా పేరు నిలబడుతుంది. చేయకపోతే అట్టలవాడు నవ్వుతాడు. ఊరంతా వెతికాను, అంత నిడివి బండ ఎక్కడా లేదు.

మన పెరట్లో రెండున్నాయి.

నాది నాకిచ్చేయి, అక్కా. మూగదని నువ్వే అంటున్నావు. నేను పోయాక నా మీద సిమెంటే పోయండి, చిప్స్ కూడా వేయించండి.

నీ జయానందం


మెదక్,
8 ఆగస్టు 1966

తమ్ముడికి దీవెనలు.

ఇవ్వను. ఇంకోసారి అడగకు.

నువ్వు చెప్పినట్టే బొంగులు పెట్టించాను. రెండు వారాలు వాన కూడా పడలేదు. నిన్న ఆదివారం కొట్టాను. బావి దిక్కుది చర్చి గంటతో పందెం వేసినట్టు పలికింది. గోడ దిక్కుది పలకలేదు. సుత్తి దెబ్బ దాని లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయినట్టుంది. కాసేపు చెయ్యి ఆనించి కూర్చున్నాను. ఎండలో ఉన్న బండ, జయానందం, చల్లగా ఉంది.

పాస్టరు గారికి చెప్పాను. దేవుడి మీద ఉంచాల్సిన భయం రాయి మీద ఉంచుతున్నావు, మార్తమ్మా అన్నారు. తప్పే. ప్రార్థన చేసుకుని లేచాను, భయం మాత్రం లేవలేదు.

దవాఖానాకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకో. వట్టి మాటలు చెప్పకు, కాగితం పంపు.

ఇక్కడ అందరం క్షేమం. నేను చర్చి పాటల గుంపు మానేశాను. రెండో చరణానికే ఆయాసం వస్తుంది, యాభైకి దగ్గర పడ్డానుగా. సౌభాగ్యమ్మ నా చోట నిలబడి పాడుతోంది, శ్రుతి లేదు. నర్సమ్మ రోజూ మిరియాల కషాయం పెట్టి ప్రాణం తీస్తోంది. మొన్న ఒక పిల్ల సమాధికి అక్షరాలు పూర్తి చేశాను. చిన్న రాయి, చిన్న అక్షరాలు, దుమ్ము ఊదీ ఊదీ నోరంతా మట్టి రుచి.

అక్క


సికింద్రాబాదు,
2 అక్టోబర్ 1966

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు కుల్చారం నుంచి వచ్చి ఉంటావు, రిచర్డ్ పంతులు కూతురి పెళ్లి బాగా జరిగిందనుకుంటాను. పెరట్లోకి వెళ్లే ముందు ఇది చదువు.

నువ్వు లేని రోజు చూసుకునే వచ్చాను. దాచడం లేదు. బుధవారం మధ్యాహ్నం లారీతో వచ్చాను. లక్ష్మయ్య అడ్డం పడుకున్నాడు. వాణ్ణి తిట్టకు, నేనే పక్కకు లాగాను.

నా రాయి తీసుకుపోదామనే వచ్చాను. సుత్తితో కొట్టాను. అక్కా, నువ్వు చెప్పింది నిజమే, అది పలకలేదు. సుత్తి టక్కుమన్నదే తప్ప మోత లేదు. లోపల ఎక్కడో సన్నటి చీలిక ఉండి ఉంటుంది. అలాంటి బండను గట్టు మీద వేస్తే వేడికి ఒకరోజు రెండవుతుంది. అందుకని బావి దిక్కుది తీసుకెళ్లాను. నీది.

తప్పని తెలుసు. నీ పేరు చూసే ధైర్యం లేక దాన్ని తిప్పనివ్వలేదు. పలుగులతో లేపి, కింద గోనెపట్టా దూర్చి, బోర్లా ఉన్నదాన్ని బోర్లాగానే లారీలోకి జరిపించాం. వీపు మీదే మెరుగు పెట్టించాను. అలాగే గట్టు మీదికి దించి కింద ఇసుక, సిమెంటు కూరాం. నీ పేరు ఎవరికీ కనబడదు. అద్దంలా ఉంది. సుశీలమ్మగారు చెయ్యి వేసి, "మేస్త్రీ, ఇది రాయా, నీళ్లా?" అంది.

నీకింకా ముప్పై ఏళ్లు ఉన్నాయి. ఆలోగా దీనికన్నా మంచి బండ నేనే ఎంచి తెస్తాను. నన్ను తిట్టు. కానీ ఉత్తరం రాయి.

జయానందం


మెదక్,
11 అక్టోబర్ 1966

జయానందానికి,

లక్ష్మయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాడికి వేరే చిట్టి రాసి క్షమాపణ అడుగు.

నీకు తిట్లు చాలా రాశాను. తర్వాత ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. పెరట్లో ఇప్పుడు బావి పక్కన దీర్ఘచతురస్రంగా తెల్లటి గడ్డి, దాని పక్కన నీ రాయి ఒంటరిగా ఉంది. నా రాయి ఎవరి వంటింట్లో ఉంటే ఏమిటి? అది పలికే రాయి, ఎక్కడున్నా పలుకుతుంది. దాని మీద గిన్నె పెట్టినప్పుడల్లా మోగుతుందేమో అడిగి చెప్పు. నా పేరు మీద అన్నం ఉడుకుతోందంటే నాకు చిన్నతనం లేదు.

నా దిగులంతా మిగిలినదాని గురించి. పొద్దునా సాయంత్రం దాని దగ్గర కూర్చుంటున్నాను. నర్సమ్మ, "గా బండతోని ఏం ముచ్చటమ్మా, జర లోపలికి రా, గింత ఆయాసం పెట్టుకొని సలిల కూసుంటవా" అంటుంది. నీతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను. నువ్వైనా ఇంత ఓపిగ్గా ఎప్పుడూ వినలేదు.

ఎక్స్‌రే కాగితం ఇంకా రాలేదు. రాయిని ఎత్తుకుపోయినందుకు శిక్ష అదే అనుకో. వెళ్లు.

అక్క


సికింద్రాబాదు,
4 డిసెంబర్ 1966

అక్కకు వందనాలు.

వెళ్లాను. ఫోటో తీశారు. కుడి ఊపిరితిత్తిలో కింద కొంచెం మబ్బులాగా ఉంది. డాక్టరు ఇప్పటికి భయం లేదన్నాడు, కానీ దుమ్ము మానకపోతే భయపడాల్సి వస్తుందన్నాడు. కాగితం ఇందులోనే పెట్టాను. మిషనుకు పైన నీళ్ల డబ్బా కట్టించాను. నల్లా నీళ్లు చాలకపోతే బండి మీద తెప్పిస్తున్నాను. ఇప్పుడు తెల్లగా కాకుండా బురదలో పొర్లినవాడిలా ఇంటికి వస్తున్నాను. నువ్వు గెలిచావు. ఆ రాయిని కొట్టి చూడు, ఈసారి పలుకుతుంది.

ఒక చిన్న తలనొప్పి వచ్చింది. సుశీలమ్మగారు మనిషిని పంపింది. చలి మొదలైన దగ్గర్నుంచి, అన్నం వార్చి గిన్నె పక్కన పెట్టినప్పుడు, ఆవిరి పట్టి బండ మసకబారుతుందట. మసక మధ్యలో గీతలు కనబడుతున్నాయట. తుడిస్తే పోతాయి, మళ్లీ ఆవిరి పడితే అక్కడే వస్తాయి. అవి అక్షరాల్లాగే ఉన్నాయి గానీ ఏ భాషో తెలియడం లేదని అంటోంది. వంటమనిషి కమలమ్మ ఆ గట్టు దగ్గర నిలబడనని కింద కూర్చుని వండుతోందట.

నాకు అర్థమైంది, నీకూ అయ్యే ఉంటుంది. కింద చెక్కినచోట రాయి పలచన కదా, చల్లదనంలో తేడా ఉంటుంది, ఆవిరి అక్కడ వేరుగా పడుతుంది. రెండంగుళాల బండలోంచి ఎలా తెలుస్తుందని మాత్రం అడగకు. రేపు వెళ్లి చూస్తాను.

నీ జయానందం


మెదక్,
12 డిసెంబర్ 1966

తమ్ముడికి దీవెనలు.

ఆ కాగితం దవాఖానాలో చూపించాను. మన పట్నం డాక్టరు చెప్పిందే వాళ్లూ చెప్పారు. ఆ రోజంతా నాకు నేల మీద కాలు ఆనలేదు. ఇంటికొచ్చి సుత్తి తీసుకుని పెరట్లోకి వెళ్లాను. నువ్వు నీళ్లు పోస్తున్నావు, మాట విన్నావు, ఇంకెందుకు పలకదు అనుకున్నాను.

పలకలేదు. ఇదివరకు కనీసం సుత్తి చప్పుడైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

సుశీలమ్మగారికి చెప్పు, అది మార్తమ్మ పేరు, తిట్టడం తప్ప ఎవరికీ ఏ హానీ చేయదని. కమలమ్మను పిలిచి నిలబడి వండమను. వెళ్లి చూశావు కదా, ఎలా ఉంది? నాయిన చెక్కిన నా పేరు నేను పసిపిల్లగా ఉన్నప్పుడు బోర్లా పెట్టాడు, నేనెప్పుడూ చూడలేదు. మొదటి అక్షరం ఎంత పెద్దగా ఉందో రాయి.

అక్క


సికింద్రాబాదు,
20 డిసెంబర్ 1966

ప్రియమైన అక్కకు తమ్ముడు జయానందం అనేక వందనాలు. నువ్వు క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాం.

సుశీలమ్మగారి ఇంటికి వెళ్లాను. ఏమీ లేదు. నూనె మరక. మెరుగు పెట్టినప్పుడు పనివాళ్లు నూనె గుడ్డతో తుడిచారు, ఆ చేతి గీతలే ఆవిరికి తేలుతున్నాయి. సోడా పెట్టి కడిగించాను. ఇక ఆ సంగతి మరిచిపో.

క్రిస్మస్‌కు మేమే వద్దామనుకున్నాం గానీ నువ్వే ఇక్కడికి రా. నెల రోజులు ఉండు. తూప్రాన్ మీదుగా వచ్చే మొదటి బస్సు ఎక్కు, బస్టాండులో నేనుంటాను. ఇక్కడ పెద్ద దవాఖానాలో నీకూ ఒక ఫోటో తీయిద్దాం. ఊరికే, ఇద్దరివీ ఉంటే పోల్చి చూడొచ్చు. ఎలిశిబా నీ కోసం కొత్త రగ్గు కొన్నది. ఇక్కడ చర్చిలో పాటలు చాలా బాగుంటాయి. వాతావరణం కూడా నీకు పడుతుంది.

అన్నట్టు ఒక చిన్న మాట. అరవై మూడులో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మన ముందు స్థలం పోయి రాళ్లను పెరట్లోకి జరిపారు కదా. అప్పుడు నువ్వు జ్వరంతో పడుకున్నావు, నేను ఇక్కడున్నాను. వాటిని ఎవరు ఎలా పెట్టారో లక్ష్మయ్యకు గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను. పెరట్లో ఉన్న రాయిని మాత్రం తిప్పవద్దు. దాని దగ్గర చలిలో కూర్చోవద్దు. అక్షరాల పని ఎవరైనా తెస్తే ఒప్పుకోవద్దు. ఒప్పుకున్నా ఊదవద్దు, కుంచెతో తుడువు.

వెంటనే బయలుదేరు.

నీ తమ్ముడు జయానందం


మెదక్,
28 డిసెంబర్ 1966

నా తమ్ముడు జయానందానికి,

చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నిడివిగా చెప్తావు. నాయిన ఉలిని నువ్వు విరిచినప్పుడు కూడా వాతావరణం గురించి చెప్పావు.

లక్ష్మయ్యను అడిగాను. తల గోక్కుంటూ, "ఏది ముందుగాల దొరికితే గది ముందుగాల జరిపినమమ్మా. రెండు ఒక్కతీరుగనే ఉండె. ఎవలది ఏదో మాకెట్ల తెలుస్తది, పేర్లు కిందికుండె గద" అన్నాడు. తిప్పి చూడకూడదన్న మన పద్ధతి వాడు మనకన్నా బాగా పాటించాడు. జ్వరం తగ్గి లేచాక నేను బావి దిక్కున ఉన్నదే నాదనుకున్నాను. పాత స్థలంలో అలాగే ఉండేది మరి.

పండుగ మర్నాడు నలుగురిని పిలిచి రాయి తిప్పించాను. నాయిన కోప్పడతాడేమో, పడనీ. మట్టి కడిగాను. నా పేరు. మొదటి అక్షరం అరచెయ్యంత ఉంది. తోక చివర ఆయన ఎప్పుడూ కొంచెం పైకి లాగేవాడు చూడు, అలాగే. కింద తేదీకి వదిలిన చోటు నున్నగా ఉంది.

అంటే ఆ వంటింట్లో తేలింది నీ పేరు. నువ్వు చూసి, ఇంటికొచ్చి, నాకు సోడా కథ రాశావు. ఎంత భయపడి ఉంటావో తలుచుకుంటే నీ మీద కోపం రావడం లేదు.

నా మాట విను. ఆరు నెలలుగా నేను నీ కోసం భయపడ్డాను. నిద్ర లేదు, తిండి లేదు, ప్రతి తపాలా మనిషినీ చూసి గుండె ఆగేది. రాయి తిప్పి నా పేరు చూసినప్పుడు ఆ భయం మొత్తం దిగిపోయింది. బావి గట్టు మీద కూర్చుని నవ్వాను. నర్సమ్మ నాకేదో సోకిందని ఉప్పు దిగతుడిచింది. మార్తమ్మ కదా పోయేది, నువ్వు కాదు కదా. నీ రాయి పలుకుతోంది. అది చాలు.

దవాఖానాకు కూడా వెళ్లాను. ముప్పై ఏళ్లు అక్షరాల్లోంచి దుమ్ము ఊదానని చెబితే డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. నీ మిషను దుమ్ము గురించి నీకు ఇన్ని నీతులు చెప్పాను, నా నోటి ముందున్నది ఊదుతూనే చెప్పాను. మనవాళ్లలో ఇది ఎవరికీ తట్టలేదు చూడు. అక్షరం చెక్కాక ఊదాలి, నాయినా అంతే, తాతా అంతే.

బస్సు ఎక్కే ఓపిక లేదు. నువ్వే రా. ఒక్కటి అడుగుతున్నాను. సుశీలమ్మగారి గట్టు మీది నుంచి నీ రాయిని తీయవద్దు. పెరట్లోకి తెచ్చి బోర్లా పెట్టవద్దు. ఎవరో ఒకరు రోజూ దాని మీద గిన్నె పెట్టి చప్పుడు చేస్తూ ఉండనీ.

అక్క


సికింద్రాబాదు,
5 మార్చి 1967

అక్కా,

ఇది మెదక్ అడ్రసుకే వేస్తున్నాను. లక్ష్మయ్య తీసుకుని నీ రాయి కింద పెడతానన్నాడు. నీ దగ్గర కూర్చున్న నలభై రోజుల్లో ఇవేవీ చెప్పలేకపోయాను. నీకు ఆయాసం అడ్డం, నాకు ధైర్యం లేదు.

ఆ రోజు సుశీలమ్మగారు నా ముందే అన్నం వార్చింది. బండ మసకబారింది, గీతలు తేలాయి. కింది వైపు నుంచి కనిపిస్తున్నాయి గనక తిరగబడి ఉన్నాయి. ఆమె పౌడరు అద్దం తెచ్చి ఇచ్చింది. అద్దం కూడా ఆవిరి పట్టి కనబడేది కాదు, తుడిచి తుడిచి చూశాను. నీ పేరు చూడ్డానికి గుండె గట్టి చేసుకుని వెళ్లాను. నా పేరు కనబడింది. ఒక్క క్షణం, అక్కా, నాకు సంతోషం వేసింది, నా రాయి పలికే రాయి అని. ఆ వెంటనే గోడ పక్కనున్నది ఎవరిదో గుర్తొచ్చింది. ఆ ఒక్క క్షణానికి నన్ను క్షమించు. అందుకే నీకు అబద్ధం రాశాను.

తేదీ నేనే చెక్కాను. మిషను వద్దనుకున్నాను, నాయిన ఉలితోనే. ప్రతి అంకెకూ నీళ్లు పోశాను. దుమ్ము ఊదలేదు, కుంచెతో తీశాను. పద్నాలుగు ఫిబ్రవరి అని చెక్కడానికి నాకు రెండు రోజులు పట్టింది. నీకైతే ఒక పూట పని.

నీ మీద పరిచే ముందు, అలవాటు కొద్దీ, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాను. లక్ష్మయ్య, నర్సమ్మ, పాస్టరు గారు అందరూ విన్నారు. పలికింది. చాలాసేపు మోగింది. సౌభాగ్యమ్మ పాట మధ్యలో ఆపేసింది. శ్రుతి కలిసింది అనుకున్నాను, నువ్వుంటే ఆ మాటే అనేదానివి.

దుకాణంలో కోత పని పూర్తిగా మానేశాను. ఎవరైనా కోసిచ్చిన బండలు తెచ్చి అమర్చడమే. అట్టలవాడు బాగుపడ్డాడు, పడనీ. సుశీలమ్మగారి గట్టు చూసి అలాంటిదే కావాలని పదకొండు మంది వచ్చారు. అలాంటిది ఇంకొకటి లేదని చెప్పాను.

నువ్వు చెప్పినట్టే నా రాయిని అక్కడే ఉంచాను. నెల దాకా ఆగలేక, ప్రతి ఆదివారం చర్చి నుంచి అటే వెళ్తున్నాను. అంచుల్లో సిమెంటు చూడాలని ఒక సాకు చెబుతాను. కమలమ్మ మళ్లీ నిలబడే వండుతోంది. గిన్నెలు పక్కకు జరిపి, "కొట్టు మేస్త్రీ, నీ రాయి మాట్లాడుతదా చూద్దాం" అని నవ్వుతుంది. వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొడతాను.

ఈరోజు కొట్టాను. చెయ్యి తీసేశాను, కమలమ్మ నా మొహం చూస్తూ నిలబడింది. తర్వాత రాయి పలికింది. కొంచెం ఆలస్యంగా పలికింది.

నీ తమ్ముడు
జయానందం